మెడవిరుపు మీద మౌనవారం

జూలై 6, ఆదివారం

దిండు మీద ఈ పుస్తకం పెట్టి ఉంది, దాని మీద ఎండిన లావెండరు రెమ్మ. మన మనసు ఎందుకు కృతజ్ఞతతో నిండిపోయిందో రోజూ మూడు ముక్కలు రాసుకోవాలట. మొదటి పేజీలో అచ్చేశారు.

ఒకటి: పెన్ను బాగా రాస్తోంది.

రెండు:

మూడు:

భోజనానికి ఇంకా గంటన్నర ఉంది. మా ఆయన విగిల్ తెల్ల స్నానపు గౌను తొడుక్కుని బాల్కనీలో కూర్చున్నాడు, మోకాళ్ళు రెండూ కొండల వైపు పెట్టి. నేను చూడటం లేదు.

ఈ హోటలు పేరు ఆకాశపచ్చిక. మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ ఈ వాలు పేరు మెడవిరుపు. ఆ పేరు పెడితే మ్యూనిక్ నుంచి ఒక్కరూ రారని వీళ్ళకి ముందే తట్టినట్టుంది. ముప్పైతొమ్మిది ఎండాకాలాలు ఈ వాలు గడ్డి నేనే కోశాను, మేకుల బూట్లు వేసుకుని, పొడుగుపిడి కొడవలి పట్టుకుని. తొమ్మిదేళ్ళ క్రితం విగిల్ దీన్ని అమ్మేశాడు. పొలం అతని పేరు మీద ఉంది, నా సంతకం అక్కర్లేదు. సంతకం పెట్టి ఇంటికొచ్చి, బూట్లు విప్పుకుంటూ చెప్పాడు, వాన పడేలా ఉందన్నట్టు. ఆరోజు నుంచి నేను అతనితో మాట్లాడలేదు. అతనూ నాతో మాట్లాడలేదు. అతనికేం కోపమో నాకింతవరకూ తెలియదు.

అమ్మకం పత్రంలో ఒక షరతు ఉంది. మేం బతికున్నంతకాలం ఏడాదికి రెండు వారాలు, ఎండాకాలం ఒకటీ చలికాలం ఒకటీ, ఇక్కడ అతిథులం. దంపతులుగా అని రాశారు. అంటే ఇద్దరూ కలిసి రావాలి. హోటలు తెరిచి ఏడేళ్ళయింది, నేను గుమ్మం తొక్కలేదు. ఈ వసంతంలో తుంటి ఆపరేషన్ కాకపోతే ఇప్పుడూ తొక్కేదాన్ని కాదు. రోజూ గోరువెచ్చని నీళ్ళలో నడవాలన్నాడు డాక్టరు. ఆసుపత్రి కొలనులో నవంబరు దాకా ఖాళీ లేదు. కాబట్టి వైద్యం కోసం వచ్చాను. వైద్యం కోసమే.

గదిలో ఒకటే మంచం. దాని మీద రెండు ట్రాక్టర్లు పక్కపక్కన నిలపొచ్చు.

జూలై 7, సోమవారం

ఇంట్లో అయితే ఫ్లోరా ఉంది. ఫ్లోరా మా ఆవు. "ఫ్లోరా, సూప్ చల్లారిపోతోంది," అంటాను నేను. విగిల్ వచ్చి తింటాడు. "ఫ్లోరా, నీ కొట్టం పైకప్పు కారుతోంది, రేపు నిచ్చెన కావాలి," అంటాడతను. నేను నిచ్చెన తీసి పెడతాను. తొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాయి, ఏ లోటూ రాలేదు. ఇప్పుడు దాన్ని పక్కింటి కాసియన్ చూసుకుంటున్నాడు, మేమేమో ఇక్కడ ఆవు లేకుండా ఇరుక్కున్నాం.

పొద్దున ఫలహారం దగ్గర విగిల్ కాఫీ యంత్రంతో అన్నాడు: "రొట్టె గట్టిగా ఉంది."

నేను జామ్ సీసాతో అన్నాను: "పళ్ళు లేనివాళ్ళకి అటువైపు మెత్తది పెట్టారు."

పక్క బల్ల దగ్గరి మిలాన్ దంపతులు కుర్చీలు కొంచెం దూరం జరుపుకున్నారు.

కొలను గాల్లోకి చొచ్చుకుని ఉంది. కింద సిమెంటు స్తంభాలు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, అంతకంటే చెప్పడానికేం లేదు. డాక్టరు ఇరవై నిమిషాలన్నాడు. గంటా పది నిమిషాలు నడిచాను. గడియారం కనబడలేదు.

జూలై 8, మంగళవారం

ఎండుగడ్డి స్నానం చేయించారు. తడిపి వేడి చేసిన గడ్డిలో మనిషిని చుట్టి, పైన దుప్పటి కప్పి పడుకోబెడతారు. పెళ్ళైన మొదటి ఏడాది గడ్డివాములో పడుకుంటే మా అత్తగారు నన్ను బద్ధకస్తురాలంది. ఇక్కడ అదే పనికి అపాయింట్‌మెంటు కావాలి.

చుట్టే అమ్మాయి పేరు ఇలోనా, హంగరీ పిల్ల. "ఎత్తైన కొండల మీద చేత్తో కోసిన గడ్డి అండీ," అంది, కాగితం చూసి చదువుతూ.

ఒక పిడికెడు తీసి వాసన చూశాను. "లోయలో యంత్రంతో కోసిన గడ్డమ్మా ఇది. జూన్ మొదట్లో. వానలో తడిసింది కూడా."

ఇలోనా తలుపు వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగింది. "మా అమ్మ కూడా ఫోటో చూసి అదే అంది. ఎవరికీ చెప్పకండి. భుజాలు కూడా పట్టనా?"

నాకు మర్దనలూ అవీ ఇష్టం ఉండవు. పట్టనిచ్చాను, పిల్ల చిన్నబుచ్చుకుంటుందని.

రేపు మూడింటికి మళ్ళీ రమ్మంది. చిన్నబుచ్చుకుంటుందని వెళ్ళాలి.

జూలై 9, బుధవారం

స్వెన్యా అని ఒకావిడ ఉంది, ఇక్కడి ప్రశాంతత విభాగానికి అధికారి. హాంబుర్గ్ నుంచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నడిస్తే చప్పుడు రాదు. పొద్దున మా బల్ల దగ్గరికి వచ్చి, చేతులు గుండె మీద పెట్టుకుని నిలబడింది. ఎవరైనా పోయారేమో అనుకున్నాను.

"క్షమించాలి, మూడు రోజులుగా మిమ్మల్ని గమనిస్తున్నాను. మీ ఇద్దరి మధ్యా ఆ నిశ్శబ్దం! నేను పదకొండేళ్ళు సాధన చేశాను, ఇండియా కూడా వెళ్ళొచ్చాను. ఇంత నిండుగా మాట్లాడకుండా ఉండేవాళ్ళని ఎక్కడా చూడలేదు. ఎన్నాళ్ళ సాధన అండీ ఇది?"

విగిల్ నోట్లోది మింగాడు. "తొమ్మిదేళ్ళు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

విగిల్ గడ్డంతో నా వైపు చూపించాడు.

చలికాలంలో ఇక్కడ మౌనవారం పెడతారట. పన్నెండు మంది వస్తారు, ఫోన్లు అప్పగించి ఐదు రోజులు నోరు మూసుకుని కూర్చుంటారు. ఈసారి వాళ్ళ మధ్య మేం కూర్చోవాలి. చేయాల్సిందేమీ లేదు, ఉంటే చాలు. మా చలికాలపు వారం ఎలాగూ ఖాళీగా పోతోంది కదా అంది. కాగితం తెచ్చింది. విగిల్ కళ్ళజోడు పెట్టుకున్నాడు, సంతకం పెట్టాడు.

నా వైపు చూడనైనా చూడలేదు.

జూలై 10, గురువారం

మళ్ళీ నన్నడగలేదు.

అడగలేదు.

ఒకటి: పెన్ను ఇంకా రాస్తోంది.

జూలై 11, శుక్రవారం

ఆవిరిగదిలో బట్టలు లేకుండా కూర్చోవాలి. మా వైపు ఇది మామూలే, నాకు సిగ్గేమీ లేదు. ఓసారి పశువుల డాక్టరు పక్కనే కూర్చున్నాను, ఫ్లోరా పొదుగు గురించి మాట్లాడుకున్నాం. కానీ ఇవాళ తలుపు తీసేసరికి పై మెట్టు మీద విగిల్ ఉన్నాడు. తొమ్మిదేళ్ళలో పొట్ట జానెడు ముందుకొచ్చింది. నేను చూడలేదు, కనిపించింది.

వెనక్కి వెళ్ళిపోతే ఓడిపోయినట్టు. వెళ్ళి ఎదురు మెట్టు మీద కూర్చున్నాను.

గోడకి ఇసుక గడియారం ఉంది, పదిహేను నిమిషాలది. అది అయిపోగానే బయటికి వెళ్ళాలని రాసి ఉంది. అయిపోయింది. మ్యూనిక్ వాళ్ళు నలుగురూ లేచి వెళ్ళిపోయారు. అతను కదల్లేదు. నేను లేచి గడియారం తిరగేసి వచ్చి కూర్చున్నాను. అదీ అయిపోయింది. అతను తిరగేశాడు. ఎవరో ఒకాయన తలుపు తీసి, మా ఇద్దర్నీ చూసి మళ్ళీ మూసేశాడు.

మూడో ఇసుక సగానికి వచ్చేసరికి విగిల్ బీట్‌రూట్‌లా అయ్యాడు. ఎడమ కన్ను దానంతటదే మూతపడుతోంది. తల గోడకి ఆనించాడు.

"లే, మొద్దూ," అన్నాను. "ఉడికిపోయావు."

కుడికన్ను తెరిచాడు. "నువ్వు ముందు లే."

"నీ పెదాలు నల్లబడ్డాయి."

"నీవి ఎప్పుడూ అంతే."

"నేను లేస్తే లేస్తావా?"

"కలిసి లేద్దాం."

తలుపు ఇరుకు. ఇద్దరం ఒకేసారి పట్టం. పట్టాం. బయట చల్లటి నీళ్ళ బకెట్టు గొలుసు లాగితే నెత్తి మీద గుమ్మరిస్తుంది. ముందు అతని మీద లాగాను, తరవాత అతను నా మీద లాగాడు. బెంచీ మీద కూలబడ్డాం. చాలాసేపు ఊపిరి పీల్చుకోవడమే సరిపోయింది.

"తొమ్మిదేళ్ళ తరవాత మొదటి మాట మొద్దు అనా?" అన్నాడు.

"మరేం రావాలి?"

కాసేపు ఆలోచించాడు. "లేదులే. సరిగ్గానే ఉంది."

జూలై 12, శనివారం

ఇంటికి. దారి పొడవునా మాట్లాడుకున్నాం. కాసియన్ ఆవుని సరిగ్గా చూశాడో లేదో, చూసుండడు. కొట్టం పైకప్పు. నా తుంటి. అతని పొట్ట.

సెప్టెంబరు 14

మాటలు వచ్చాక ఇల్లు చిన్నదైపోయింది. పొద్దున్నే ఉప్పు ఎక్కువైందని ఒకటి, కిటికీ ఎవరు తెరిచారని ఒకటి. నిన్న రేడియో గురించి గంట కొట్లాడుకున్నాం, అది పాడై నాలుగేళ్ళైంది.

మెడవిరుపు సంగతి అతనెత్తలేదు. నేనూ ఎత్తలేదు. దాని గురించి ఆలోచించడం నేనెప్పుడో మానేశాను.

సెప్టెంబరు 15

సాయంత్రం వంటింటి కిటికీలోంచి హోటలు దీపాలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. నిన్న నలభై మూడు.

డిసెంబరు 2

ఫ్లోరా అలిగినట్టుంది. దానితో ఎవరూ మాట్లాడటం లేదు.

జనవరి 18, ఆదివారం

మౌనవారం మొదలు. ఈసారి గౌన్లు బూడిదరంగువి. పన్నెండు మందీ వచ్చారు. స్వెన్యా మమ్మల్ని అద్దాల గదిలో మధ్య చాపల మీద కూర్చోబెట్టి, కంచుగిన్నె మీద కర్రతో మోగించింది. ఇక గురువారం సాయంత్రం దాకా అద్దాల గదిలోనూ, భోజనాల దగ్గరా, దారుల్లోనూ ఒక్క మాట పలకకూడదు. ముఖ్యంగా మేం.

నా రాక గురించి ఒక ముక్క రాసుకోవాలి. అతను నన్నడక్కుండా సంతకం పెట్టినదానికి రానని చెప్పాలనుకున్నాను. కానీ ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. ఇలోనాకి నాకోసం మూడింటి సమయం అట్టేపెట్టమని ముందే కబురు పంపడం వేరే సంగతి.

గదికి రాగానే విగిల్ స్నానాలగదిలోకి లాగి కుళాయి తిప్పాడు.

"ఆ స్టుట్‌గార్ట్ ఆయన్ని చూశావా? కూర్చున్న ఐదు నిమిషాలకే గురక!"

"మెల్లగా! గోడలు పల్చన."

"స్వెన్యా ఏమనుకుందో తెలుసా? లోతుగా వెళ్ళిపోయాడనుకుంది. ఆయన చాప చుట్టూ పువ్వులు పెట్టింది."

కుళాయి కట్టేదాకా నవ్వాం. తొమ్మిదేళ్ళు పీకల దాకా మాటలుండి మాట్లాడలేదు. ఇప్పుడు నాలుగు గంటలు నోరు మూసుకోవడం మా వల్ల కాలేదు.

జనవరి 19, సోమవారం

అద్దాల గది సరిగ్గా మెడవిరుపు నడుము మీద కట్టారు. నేను కొడవలి నూరుకునే బండరాయి ఉండాల్సిన చోట జూరిక్ లాయరమ్మ చాప ఉంది. పేరు రెగూలా, యాభై దాటి ఉంటుంది. కళ్ళార్పకుండా మా ఇద్దరి వంకే చూస్తుంది. ఒకసారి నన్ను, ఒకసారి విగిల్‌ని. ముక్కు గోక్కోవాలన్నా ఇబ్బందిగా ఉంది.

జనవరి 20, మంగళవారం

కొలనులో నడిచాను. పైనుంచి మంచు రాలుతోంది, మెడ కింద వెచ్చగా ఉంది, కనుబొమల మీద మంచు పేరుకుంది. కృతజ్ఞత అని కాదు. వాతావరణం రాస్తున్నాను.

జనవరి 21, బుధవారం

బట్టలు మార్చుకునే గదిలో రెగూలా నా చెయ్యి పట్టుకుంది. నియమం తప్పుతున్నందుకు ముందు తనే క్షమాపణ చెప్పుకుంది.

"మా ఆయన ఆరు నెలలుగా నాతో మాట్లాడటం లేదండీ. నేనూ మానేశాను. ఇక అయిపోయిందనుకున్నాను, విడాకుల కాగితాలు కూడా నేనే రాసి పెట్టుకున్నాను. కానీ మిమ్మల్ని చూస్తుంటే అనిపిస్తోంది, మేం కూడా ఇలా చేరొచ్చేమో, మాటలు అక్కర్లేని చోటికి. ఇంటికెళ్ళి ఆయన పక్కన ఊరికే కూర్చుంటాను. మీలాగా."

నేను నోరు తెరవకూడదు. చేతిరుమాలు ఇచ్చాను. ఆవిడ దాన్ని ఆశీర్వాదంలా తీసుకుంది.

భోజనం సరిగ్గా ఎక్కలేదు. కుళాయి తిప్పి విగిల్‌కి చెప్పాను.

"ఆవిడ నిన్నేమైనా అడిగిందా?" అన్నాడు.

"లేదు."

"మరి నీకెందుకు?"

ఇలాగే ఉంటుంది అతనితో.

జనవరి 22, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం నాలుగింటికి ముగింపు. అందరం అద్దాల గదిలో. స్వెన్యా గిన్నె మోగించి, మెత్తటి గొంతుతో మొదలుపెట్టింది. "ఈ నేల మీద ఒకప్పుడు ఈ దంపతులు చెమటోడ్చారు. తరవాత ఇద్దరూ ఒక్క మనసుతో దీన్ని ప్రశాంతతకి అప్పగించారు..."

"ఎవరి మనసు?"

ఆ గొంతు నాదే. ఐదు రోజులుగా ఒక్క మాటా వినని గదిలో అది రాళ్ళ మీద బకెట్టు పడ్డట్టు వినిపించింది. స్టుట్‌గార్ట్ ఆయన లేచి కూర్చున్నాడు.

"బుర్గీ," విగిల్ గొణిగాడు. "పది నిమిషాల్లో అయిపోతుంది."

"తొమ్మిదేళ్ళయింది, ఇంకా అవలేదు. ఒక్క మనసుతోనట! నన్నడిగావా నువ్వు?"

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఇంకెక్కడ? ఇదిగో, ఈవిడ కూర్చున్నచోట నా బండరాయి ఉండేది. నువ్వు లేవక్కర్లేదమ్మా, కూర్చో. ఇంట్లో ఏ మూలకెళ్ళినా మీ అమ్మ కళ్ళు నా వీపు మీదే ఉండేవి. ఈ వాలు మాత్రం ఆవిడ ఎక్కలేకపోయేది. నాకంటూ ఉన్నది ఈ ఒక్క చోటు, విగిల్! దాన్ని అమ్మేసి, బూట్లు విప్పుకుంటూ చెప్పావు!"

"మధ్యలో బూట్లెందుకు?"

"బూట్లే!"

స్వెన్యా గిన్నె మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. విగిల్ లేచి నిలబడ్డాడు, గౌను ముడి ఊడింది, ఎవరూ పట్టించుకోలేదు.

"మా అన్న హార్ట్‌విగ్ ఎక్కడ పడ్డాడో తెలుసా నీకు?"

"పైన, దేవదారు దగ్గర. నేను కాపురానికి రాకముందు."

"జారింది దేవదారు దగ్గర. ఆగింది ఇక్కడ. శవాన్ని కిందికి మోసుకొచ్చింది నేను. పంతొమ్మిదేళ్ళు నాకు." చేత్తో అద్దం అవతల చూపించాడు, మంచు తప్ప ఏమీ లేదక్కడ. "తరవాత నువ్వొచ్చావు. పైకెళ్ళి కోస్తూ పాడేదానివి. పాట వినిపిస్తున్నంతసేపూ నేను నా పని చేసుకునేవాణ్ణి. పాట ఆగితే నా చేతిలో పార ఆగేది. మళ్ళీ మొదలుపెట్టేదాకా ఊపిరి తీసేవాణ్ణి కాదు. ఏళ్ళ తరబడి! నీకు అరవై దాటాయి, అయినా ఎక్కుతూనే ఉన్నావు, ఆయాసంతో పాట ఆపుతూ. ఎన్నిసార్లు ఆపుతావే! నా వల్ల కాలేదు. అమ్మేశాను."

గది నిండా మనుషులున్నారు. నాకు ఒక్క ముక్కే చెవిన పడింది.

"నువ్వు వినేవాడివా?"

"కొట్టం దాకా వినబడేది."

"ఎవరూ వినరనే కదా పాడేదాన్ని!"

"అయితే మెల్లగా పాడాల్సింది. పైగా దరిద్రంగా పాడేదానివి."

స్టుట్‌గార్ట్ ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు.

"ఈ సంగతి నాకు చెప్పొచ్చుగా?"

"చెప్తే నవ్వేదానివి."

"నవ్వేదాన్నే!"

"అదుగో, చూశావా?"

"నవ్విన తరవాత ఆలోచించేదాన్ని. నువ్వు నవ్వు దగ్గరే ఆగిపోయావు. నా బదులు నువ్వే నవ్వేసి, నా బదులు నువ్వే అలిగి, నా బదులు నువ్వే అమ్మేశావు. నీకు భయమైతే భయమని చెప్పాలి. నా కాళ్ళు నావి, విగిల్."

అతను గౌను దగ్గరికి లాక్కుని చాప మీద కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. డెబ్బైరెండేళ్ళు కదా, అలాగే కనిపించాలి, కానీ నేనింతవరకూ గమనించలేదు.

నేను రెగూలా వైపు తిరిగాను. "చూడమ్మా. మాది సాధన కాదు, నా మొహమూ కాదు. నేను కోపంతో మాట్లాడటం మానేశాను, ఈయన నోరు తెరిస్తే భయం బయటపడుతుందని మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళు ఒక ఆవు ద్వారా కాపురం చేశాం. మమ్మల్ని చూసి ఇంటికెళ్ళి నోరు మూసుకుని కూర్చోకు. ఆయన్ని తిట్టాలంటే తిట్టు. తిట్టేటప్పుడైనా ఆయన పేరు పలుకుతావు."

ఐదు రోజులుగా డబ్బు పోసి వెతుక్కున్న నిశ్శబ్దం అప్పుడు దిగింది గదిలోకి.

చాలాసేపటికి రెగూలా అడిగింది: "ఆవు ద్వారానా?"

జనవరి 23, శుక్రవారం

ఫోన్లు తిరిగిచ్చారు. రెగూలా పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా మంచులో, డాబా మీద నిలబడి ఫోనులో వాళ్ళాయన మీద అరిచింది. స్విస్ జర్మన్ కాబట్టి సగమే అర్థమైంది. ఆ సగంలో అతని తల్లి ఉంది, పడవ ఒకటి ఉంది, ఎవరో బియాట్రిస్ ఉంది. అవతలి నుంచి కూడా అరుపు వినిపించిందని ఇలోనా చెప్పింది. అది మంచిదో కాదో ఇప్పుడే చెప్పలేం. వెళ్ళేటప్పుడు రెగూలా నన్ను కావలించుకుంది, గొంతు పూర్తిగా పోయింది ఆవిడకి.

మమ్మల్ని పంపించేద్దామని మేనేజరు చూశాడట. అమ్మకం పత్రంలో బతికున్నంతకాలం అన్న ముక్క దగ్గర ఆగిపోయాడు.

మధ్యాహ్నం స్వెన్యా గదికి వచ్చింది, ఈసారి అడుగుల చప్పుడుతో. "మీరు నన్ను మోసం చేశారు."

"ఎన్నేళ్ళని అడిగావు, చెప్పాం," అంది నా నోరు. "ఎందుకని అడగలేదు నువ్వు."

మంచం అంచున కూలబడి ఏడ్చింది. విగిల్ ఏం చెయ్యాలో తెలియక, సంచిలోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న పొగపెట్టిన పందిమాంసం తీసి, చాకుతో పల్చగా కోసి ఇచ్చాడు. తను మాంసం ముట్టి ఆరేళ్ళైందంది. నాలుగు ముక్కలు తింది. హాంబుర్గ్‌లో ఒకతను ఉన్నాడట. ఆ సంగతి ఆవిడది, ఇక్కడ రాయను.

ఆవిడ వెళ్ళాక విగిల్ చాకు తుడుస్తూ అన్నాడు: "ఇంకా కోపంగా ఉందా?"

"ఉంది."

"ఎన్నాళ్ళుంటుంది?"

"నాకేం తెలుసు? నిన్ననే కదా అసలు విషయం తెలిసింది. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి కోపం తెచ్చుకోవాలి."

జనవరి 24, శనివారం

ఇంటికి. క్షమించానని రాస్తే అబద్ధం అవుతుంది. ఇది నా పుస్తకం, ఇందులో అబద్ధాలు రాయను. ముందు పేజీల్లో కొన్ని ఉన్నాయి, చూశాను.

కిందికి దిగుతుంటే దారి మీద మంచు గడ్డకట్టి ఉంది. అతను చెయ్యి చాపలేదు. చాపితే విదిలించేదాన్ని, అతనికి తెలుసు. నాలుగడుగులు ముందు నడుస్తూ, ప్రతి మలుపులోనూ ఆగి, బూట్ల లేసు కట్టుకుంటున్నట్టు నటించాడు. పదకొండు మలుపులున్నాయి. అతని బూట్లకి లేసులు లేవు.

జనవరి 30

కొట్టంలో అతను ఏదో పాడుతున్నాడు, నాకు వినిపించాలని. నాకంటే దరిద్రంగా పాడతాడు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పిండి ముద్దలు చేస్తున్నాను, చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. విగిల్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు, టోపీ చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడు. పశువుల డాక్టరు బిల్లో, కొట్టం పైకప్పో అనుకున్నాను.

"కాసియన్ వచ్చి వెళ్ళాడు," అన్నాడు. "మన దిగువ పచ్చిక కౌలుకి ఇస్తామా అని అడుగుతున్నాడు. ఐదేళ్ళకి."

"ఊఁ."

"నాకు దాన్ని కోయడం కష్టంగా ఉంది. ఆయాసం వస్తోంది." ఆ మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో, ఈలోగా నేను రెండు ముద్దలు చేశాను. "వాడికింకా ఏమీ చెప్పలేదు."

నేను మూడో ముద్దకి పిండి తీసుకున్నాను.

"నువ్వేమంటావు?" అన్నాడు.

నలభై ఎనిమిదేళ్ళు. కొట్టం కట్టినప్పుడు అడగలేదు, గుర్రాన్ని అమ్మినప్పుడు అడగలేదు, వాళ్ళమ్మని మా గది పక్కకి మార్చినప్పుడు అడగలేదు. టోపీ తిరుగుతూనే ఉంది అతని చేతుల్లో.

"ఆలోచించి చెబుతాను," అన్నాను. "గురువారానికి."

"గురువారమా? కాసియన్ రేపు పొద్దున వస్తాడు!"

"వస్తే మా ఆవిడ ఆలోచిస్తోందని చెప్పు."

కాసేపు నిలబడి, టోపీ పెట్టుకుని, సరేనని కొట్టం వైపు వెళ్ళిపోయాడు. నా జవాబు అతను గుమ్మం దాటకముందే తేలిపోయింది. ఇచ్చెయ్యమనే చెబుతాను, అతని ఆయాసం ఇన్నాళ్ళూ నేను చూడలేదనుకుంటున్నాడు. కానీ గురువారం దాకా చెప్పను. ఇవాళ శుక్రవారం. ఈ ఆరు రోజులూ నావి.